తన వంతు ఉన్న మనిషి

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. ఆ ఊళ్లో ఒక విదేశీ దంపతుల సమాధులు పక్కపక్కనే ఉంటాయి. ఏటా జనవరిలో ఊరివాళ్లు అక్కడ చేరి, వాళ్లను తమ పెద్దల వరసలో కలుపుకొని తలుచుకుంటారు. ఆయన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆమె ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్. హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. అదే నగరంలో ఆయనకంటే రెండేళ్ల ముందు మరీ యహోడా అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త, నాలుగేళ్ల ముందు విక్టర్ ఫ్రాంక్ల్ అనే మనోవైద్యుడు పుట్టారు. ముగ్గురూ వియన్నా విశ్వవిద్యాలయంలోనే చదివారు. ఆ తర్వాత ఒకరు నాజీల నిర్బంధ శిబిరాలకూ, ఒకరు జైలు మీదుగా ఇంగ్లండుకూ, ఒకరు ఆదిలాబాద్ అడవులకూ వెళ్లారు.

బతుక్కి ఒక అర్థం ఉందన్న భావనకూ మనసు ఆరోగ్యానికీ ఉన్న లంకె ఏమిటన్న ప్రశ్నకు ఈ ముగ్గురి పనిలో మూడు వైపుల నుంచి జవాబు దొరుకుతుంది. ఆ జవాబును సరిచూసుకోవడానికి మనం వియన్నా దాకా పోనక్కర్లేదు. సిరిసిల్ల, కేస్లాపూర్ చాలు.

ముందు యహోడా సంగతి. వియన్నాకు దగ్గర్లో మరీన్‌తాల్ అనే చిన్న ఊరు ఉండేది. ఊరంతటికీ ఒక్క బట్టల మిల్లే ఆధారం. ఆర్థిక మాంద్యంలో 1930 నాటికి ఆ మిల్లు మూతపడింది. 478 కుటుంబాల ఊళ్లో చాలా ఇళ్లలో ఒక్కరికీ పని మిగల్లేదు. యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ తమ బృందంతో 1931-32లో అక్కడికి వెళ్లారు. ఊరికే ప్రశ్నలడిగి వచ్చెయ్యలేదు. బట్టలు పంచారు, వైద్యం ఏర్పాటు చేశారు, ఆ పనుల్లోనే ఊరిని దగ్గరగా చూశారు. ఏ ఇంట్లో ఏం తింటున్నారో రాసుకున్నారు. బజారులో జనం ఎంత వేగంగా నడుస్తున్నారో గడియారం పట్టుకుని లెక్కవేశారు.

ఆ లెక్కలు నన్ను ఇప్పటికీ కదిలిస్తాయి. పని పోయింది కాబట్టి తీరిక పెరగాలి, పుస్తకాలు ఎక్కువ చదవాలి కదా! ఊరి గ్రంథాలయం రుసుము తీసేసినా రెండేళ్లలో జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్ల నడక నెమ్మదించింది. నాలుగడుగులు వేసి ఆగేవారు, దేనికి ఆగారో వాళ్లకే తెలియదు. రోజంతా ఏం చేశారో రాయమంటే, పిల్లల్ని లేపిన పొద్దుకూ మధ్యాహ్నం అన్నం వేళకూ మధ్య ఏం జరిగిందో చాలామందికి గుర్తు రాలేదు. ఆడవాళ్లు మాత్రం మునుపటిలాగే త్వరత్వరగా నడిచేవారు. వాళ్లకు ఇంటిపని మిగిలి ఉంది మరి. అయినా మిల్లు తెరిస్తే తిరిగి వెళ్తామనే వాళ్లలో చాలామంది అన్నారు. కూలి ఒక్కటే కారణం కాదు, నాలుగు గోడల బయట నలుగురి మధ్య తమకూ ఒక చోటు ఉండేదని వాళ్ల మాట.

యహోడా ఆ అనుభవాన్ని దశాబ్దాలపాటు నెమరువేసి, పని మనిషికి జీతంతోపాటు కంటికి కనిపించని అయిదింటిని ఇస్తుందని తేల్చారు. రోజుకు ఒక క్రమం. ఇంటివాళ్లు కాని మనుషులతో పొత్తు. ఒక్కడివల్ల కాని పెద్ద పనిలో పాలు. ఊళ్లో ఒక గుర్తింపు. చేతులకు కదలిక. జీతం పోయిన రోజు ఈ అయిదూ ఒక్కసారిగా పోతాయి. జీవితం అర్థం కోల్పోవడం అంటే తత్వవేత్తల తర్కం కాదని, ఉదయం లేచాక ఎటు నడవాలో తెలియకపోవడమని మరీన్‌తాల్ చూపించింది.

సిరిసిల్ల మరీన్‌తాల్ కంటే చాలా పెద్దది. ముప్ఫై వేలకు పైగా సాంచాలు ఉన్న పట్టణం. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. నూలు ఇచ్చి బట్ట తీసుకునే యజమాని, ఆ నూలుతో తన నాలుగైదు సాంచాల మీద కూలికి నేసే ఆసామి, పన్నెండు గంటల పాళీలో ఒకేసారి ఎన్నో సాంచాల మధ్య తిరిగే కార్మికుడు, భీములకు పోగులు అతికే వైపని కార్మికుడు, కండెలు చుట్టే ఆడవాళ్లు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే వాళ్ల తోడికోడళ్లు. ఒక సాంచా ఆగితే ఇంతమంది చేతులు ఆగుతాయి. ఆర్డర్లు తగ్గి, నూలు ధర పెరిగి, అప్పులు ముదిరి, నేత కార్మికుల ఆత్మహత్యలతో ఈ పట్టణం పేరు పాతికేళ్లుగా పత్రికల్లో పదేపదే వచ్చింది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరుతో కొన్నేళ్లు ఏడాదిలో చాలా నెలలు చేతినిండా పని దొరికింది. 2024 మొదట్లో ఆర్డర్లు ఆగాక సాంచాలు మళ్లీ మూగబోయాయి, చావు వార్తలు మళ్లీ వచ్చాయి.

నేతపని పోయిన ఇంట్లో మరీన్‌తాల్ పద్ధతే కనిపిస్తుంది. భార్య బీడీలు చుడుతూనే ఉంటుంది. ఆకు తడపాలి, కత్తిరించాలి, కట్టలు లెక్కపెట్టి కార్ఖానాలో అప్పగించాలి. ఆమె రోజుకు ఒక ఆకారం ఉంది. భర్తకు అది లేదు. అప్పులవాడు ఇంటికి వస్తే ఎదురుపడాల్సింది మాత్రం అతనే. ఇంట్లో ఉండీ తన అవసరం లేదనిపించడం ఆకలికి తోడయ్యే రెండో దెబ్బ. ఆత్మహత్యల మీద పరిశోధించినవాళ్లు ప్రమాద సూచనగా చెప్పే మాటల్లో, నేను పోతే నావాళ్లకు భారం తగ్గుతుంది అన్న ఆలోచన ముఖ్యమైనది. అది అబద్ధం. కానీ పనిలేని మనిషికి అది లెక్కలా నిజంగా తోస్తుంది. అలాంటి మాట ఎవరి నోట విన్నా దాన్ని మాటవరసకు అన్నదిగా వదిలెయ్యకూడదు.

ఇక్కడే ఫ్రాంక్ల్ మనకు కావాలి. శిబిరాలకు వెళ్లకముందే, 1933లో, వియన్నాలోని నిరుద్యోగ యువకుల కుంగుబాటు మీద ఆయన ఒక వ్యాసం రాశారు. వాళ్ల మనసులో రెండు తప్పు సమీకరణాలు ఉన్నాయని గమనించారు: పని లేకపోతే నేను పనికిరాను, పనికిరాకపోతే నా బతుక్కి అర్థం లేదు. జీతం ఇప్పించడం ఆయన చేతిలో లేదు. అందుకని గ్రంథాలయాల్లో, యువజన సంఘాల్లో, వయోజన విద్యా తరగతుల్లో జీతం లేని పనికి వాళ్లను పంపారు. వాళ్ల ఆకలి అలాగే ఉంది, జేబు అలాగే ఖాళీగా ఉంది. కుంగుబాటు మాత్రం తగ్గిందని ఆయన రాశారు.

1942లో ఫ్రాంక్ల్‌నూ ఆయన కుటుంబాన్నీ తెరేజిన్‌స్టాట్ శిబిరానికి తరలించారు. తండ్రి అక్కడే చనిపోయారు. తల్లి, అన్న, భార్య టిల్లీ నాజీ శిబిరాల్లో ప్రాణాలు కోల్పోయారు. ఆయన ఆష్విట్జ్ మీదుగా మరో రెండు శిబిరాలు దాటి 1945 ఏప్రిల్‌లో బయటపడ్డారు. ఆ అనుభవాన్ని తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించిన పుస్తకం 1946లో వచ్చింది. శిబిరంలో బతికి బట్టకట్టడం ఎక్కువగా అదృష్టం, లేదా ఒక సైనికుడి వేలు ఎటు చూపించిందన్నది. అర్థం తెలిసినవాడు బతికాడు, తెలియనివాడు పోయాడు అని ఎవరైనా చెబితే అది పోయినవాళ్లకు చేసే అన్యాయం. ఫ్రాంక్ల్ చెప్పింది వేరు. మనిషికి అర్థం మూడు దారుల్లో దొరుకుతుందన్నారు. ఒకటి, చేసే పని. రెండు, ప్రేమించే మనిషి, అనుభవించే అందం. మూడు, తప్పించుకోలేని బాధ వచ్చినప్పుడు దాన్ని ఎదుర్కొనే తీరు.

మూడో దారిని చాలామంది సగమే చదువుతారు. బాధలో అర్థం వెతుక్కోమని ఆయన చెప్పాడంటూ, అప్పుల్లో ఉన్న రైతుకీ నేతన్నకీ ఓర్పు గురించి ఉపన్యాసాలిస్తారు. ఫ్రాంక్ల్ షరతు స్పష్టంగా ఉంది: ఆ దారి తప్పించుకోలేని బాధకే. తప్పించగలిగిన బాధకు కారణాన్ని తొలగించడమే అర్థవంతమైన పని. అనవసరంగా భరించడం వీరత్వం కాదని ఆయన రాశారు. గిట్టుబాటు కాని కూలి, అడ్డూఅదుపూ లేని వడ్డీ, ఏడాదిలో కొన్ని నెలలే దొరికే పని, ఇవేవీ ప్రకృతి శాపాలు కావు. సిరిసిల్లకు కౌన్సెలింగ్ కావాలి, నిస్సందేహంగా కావాలి. దానికంటే ముందు ఆర్డరు కావాలి.

అర్థాన్ని కొలవగలమా? ఇరవయ్యో శతాబ్దం చివరి నుంచి మనస్తత్వ శాస్త్రం గట్టిగానే ప్రయత్నించింది. 1989లో కరోల్ రిఫ్ మానసిక శ్రేయస్సుకు ఆరు పార్శ్వాలు ఉన్నాయని ప్రతిపాదించి, జీవిత లక్ష్యాన్ని అందులో ఒకటిగా చేర్చారు. సంతోషంగా ఉన్నానా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకూడదని ఆమె వాదం. 2006లో మైకేల్ స్టీగర్ బృందం పది వాక్యాల ప్రశ్నావళి తయారుచేసింది. అర్థం ఉందన్న భావననూ, దాని కోసం సాగే వెతుకులాటనూ అది విడివిడిగా కొలుస్తుంది. రెండూ ఒకటి కావు. అర్థం ఉందనుకునేవాళ్లలో కుంగుబాటు తక్కువ. అదేపనిగా వెతికేవాళ్లలో మాత్రం తరచు ఆందోళనే ఎక్కువ. నా జీవితానికి అర్థమేమిటని ఒంటరిగా కూర్చుని తవ్వుకోవడం ఆ అర్థాన్ని చేరే దారి కాకపోవచ్చని దీన్నిబట్టి నాకు అనిపిస్తుంది.

అమెరికాలో 6 వేలమందికి పైగా పెద్దవాళ్లను 14 ఏళ్లు వెంబడించిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. జీవితానికి దిశ ఉందని చెప్పినవాళ్లలో ఆ కాలంలో మరణాలు తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే దిశ ఉందనిపిస్తుందేమో అన్న సందేహం దీంతో పూర్తిగా తీరదు. దీనికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే ఏడాది షిగెహిరో ఓయిషీ, ఎడ్ డీనర్ ప్రచురించిన పరిశీలన. 132 దేశాల జవాబులు చూస్తే, జీవితంపట్ల సంతృప్తి సంపన్న దేశాల్లో ఎక్కువ. జీవితానికి అర్థం ఉందని చెప్పేవాళ్లు మాత్రం పేద దేశాల్లోనే ఎక్కువ. మతవిశ్వాసం అక్కడ బలంగా ఉండటం ఇందుకు ప్రధాన కారణంగా కనిపించింది. పేదరికం మంచిదని దీనికి అర్థం కాదు. డబ్బు కొనిపెట్టలేనిదేదో కొన్ని సమాజాలు తమ మనుషులకు పుట్టుకతోనే ఇస్తున్నాయని అర్థం. ఆ ఇచ్చే తీరును దగ్గర నుంచి చూడాలంటే కేస్లాపూర్ వెళ్లాలి.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా కొలువై ఉన్నాడు. ఆయన గోండుల్లోని మెస్రం వంశీయుల కులదైవం. ఏటా పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. జాతర అంటే మనకు ఆ రాత్రి, ఆ తర్వాతి అంగళ్లు గుర్తుకొస్తాయి. మెస్రం వాళ్లకు అది వారాల ముందే మొదలవుతుంది. తెల్లబట్టలు కట్టి, చెప్పులు లేకుండా, గూడేల మీదుగా నడుస్తూ జన్నారం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న హస్తినమడుగుకు చేరతారు. అక్కడ ఝరి అనే పాత్రలో నీళ్లు ముంచుకుని, ఆ పాత్ర నేలకు తగలకుండా మళ్లీ కాలినడకనే తిరిగొస్తారు. కేస్లాపూర్ దగ్గర మర్రిచెట్ల కింద బస చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చెయ్యాలి. పుట్టమన్ను, కొత్త కుండల్లో నీళ్లు తేవడంలో ఆడపడుచులకూ అల్లుళ్లకూ వంతులున్నాయి. వంశకథ పాడటం పర్ధానుల పని. వంశంలోని శాఖలు వంటపొయ్యిలు వంతులవారీగా పంచుకుంటాయి.

ఈ వరసలో ఒక్కరినీ పక్కన పెట్టలేం. నీళ్లు మోసేవాడు లేకపోతే పూజ లేదు. కుండ చేసే కుమ్మరి లేకపోతే నీళ్లు లేవు. అర్థం గురించి రాసే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈమధ్య మూడు భాగాలు చెబుతున్నారు: జరుగుతున్నది బోధపడటం, ముందుకు ఒక దిశ ఉండటం, తనకంటూ ఒక విలువ ఉండటం. వంశకథ మొదటిదాన్ని ఇస్తుంది, హస్తినమడుగు దారి రెండోదాన్ని, వంతు మూడోదాన్ని. ఎవరినీ ఏమీ నమ్మమని ప్రశ్నావళి ఇవ్వరు. నడవమంటారు.

మహాపూజ తర్వాత భేటింగ్ జరుగుతుంది. ఆ ఏడాది మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టి, ముసుగు వేసుకుని, అత్తల వెంట వచ్చి నాగోబా ముందు నిలబడతారు. పెద్దలకు పరిచయమవుతారు. ఆనాటి నుంచే ఆమె పూర్తిగా ఆ వంశపు మనిషి. పెళ్లయిన కొత్తలో ఎవరూ తెలియని ఇంట్లో అడుగుపెట్టిన అమ్మాయి ఒంటరితనం మనకు తెలుసు. ఇక్కడ ఆమె రాకను వేలమంది సమక్షంలో గుర్తించి, నువ్వు మా లెక్కలో ఉన్నావని చెబుతారు. సంప్రదాయం ఇచ్చే చోటుకు హద్దులు కూడా ఉంటాయి. ఆ చోటు ఇష్టంలేని అమ్మాయికి అదే బరువు కావచ్చు. ఆ మాట దాచి ఈ దృశ్యాన్ని మెచ్చుకోవడం నాకు సరికాదనిపిస్తుంది.

ఇలాంటి చోటు కోల్పోతే ఏమవుతుంది? కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. అక్కడి దాదాపు 200 ఆదివాసీ సమూహాల్లో 1987 నుంచి 1992 వరకు యువకుల ఆత్మహత్యలు పరిశీలించారు. కొన్ని సమూహాల్లో ఆ రేటు భయంకరంగా ఉంది. సగానికి పైగా సమూహాల్లో ఒక్కటీ లేదు. తేడా ఎక్కడుంది? స్వపరిపాలన, భూమి హక్కు కోసం పోరాటం, సొంత బడులు, ఆరోగ్య సేవలు, పోలీసు-అగ్నిమాపక సేవలు, సాంస్కృతిక కార్యక్రమాలకు సొంత చోటు. వీటిలో ఎన్ని సమూహం చేతిలో ఉంటే ఆత్మహత్యలు అంత తక్కువ. ఆరూ ఉన్నచోట ఆ కాలంలో ఒక్కటీ జరగలేదు. ఒక కుర్రవాడి మనసులో రేపు అనేది ఉండాలంటే, వాడి జాతికి నిన్న ఉండాలి, ఆ నిన్నను నడిపే అధికారం వాళ్ల చేతిలో ఉండాలి.

ఈ సంగతి ఆదిలాబాద్‌లో యాభై ఏళ్ల ముందే ఒకరికి అర్థమైంది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం నిజాం బలగాలతో పోరాడి నేలకొరిగాడు. ఎందుకు ఇలా జరిగిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి జర్మన్ పాస్‌పోర్టు ఉన్న ఆయన్ను బ్రిటిష్ ప్రభుత్వం హైదరాబాద్ సంస్థానం దాటకుండా కట్టడి చేసింది. ఫ్రాంక్ల్ శిబిరంలో బందీగా ఉన్న రోజుల్లో ఈ మరో వియన్నావాసి మార్లవాయిలో గోండులతో కలిసి ఉన్నారు. ఆయన నివేదికలో మనోవైద్యం లేదు. భూమి పట్టాలు ఇవ్వండి, అటవీ సిబ్బంది వేధింపులు ఆపండి, పిల్లలకు గోండీలో చదువు చెప్పండి అన్నదే సారాంశం. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వచ్చింది, గోండీ వాచకాలు తయారయ్యాయి, వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల అర్జీలు వినే దర్బారు కూడా ఆ దశాబ్దంలో మొదలైందే.

పట్టాలు వచ్చిన భూముల్లో చాలావాటికి ఆ తర్వాత రోడ్లతోపాటు వలసదారులు వచ్చారు. 1970ల చివర తిరిగొచ్చిన హైమన్‌డార్ఫ్ ఆ నష్టాన్ని కళ్లారా చూసి 1982లో పుస్తకంగా ప్రచురించారు. మధ్యలో 1981 ఏప్రిల్ 20న భూమి కోసం ఇంద్రవెల్లిలో చేరిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. అయినా మెస్రం వాళ్ల నడక ఆగలేదు. పాత గుడి స్థానంలో తమ సొంత డబ్బుతో రాతి ఆలయం కట్టుకుని 2022 డిసెంబరులో ప్రతిష్ఠించుకున్నారు. మార్లవాయికి చెందిన గుస్సాడీ నాట్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూసేనాటికి నెమలీకల టోపీ పెట్టి అడుగు వెయ్యడం ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్లు ఎందరో తయారయ్యారు.

చివరగా వైద్యం సంగతి. అన్నిటికీ సమూహమే మందు అని చెప్పలేం. కుంగుబాటు ఒక జబ్బు. దేనికీ అర్థం లేదనిపించడం చాలాసార్లు దాని కారణం కాదు, లక్షణం. నిద్ర, ఆకలి, ఆసక్తి రెండు వారాలకు మించి పోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మందు అవసరమైతే వాడాలి. మందుతోపాటు పనికొచ్చే చికిత్స ఒకటి, ఫ్రాంక్ల్ వియన్నాలో చేసినదానికి దగ్గరగానే ఉంటుంది. మనసు బాగైతే పని చేద్దామని ఆగకుండా, రోగికి ఒకప్పుడు విలువగా అనిపించిన చిన్న పనులను వేళకు మళ్లీ మొదలుపెట్టిస్తారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ఈ పద్ధతి నడిపింది. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్లకు కూడా మేలు జరిగిందని 2017లో ఫలితాలు ప్రకటించింది. సిరిసిల్ల ఆసుపత్రిలో ఇలాంటి పని చెయ్యాలంటే బాగా నేసే చేతులున్న పెద్దమనిషిని పిలిచి కుర్రవాడికి వైపని నేర్పమని అడగడంతో మొదలుపెట్టవచ్చు. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా తెలుగులోనూ పలుకుతోంది. ఆ నంబరు ప్రతి సాంచాల షెడ్డు గోడ మీదా ఉండాలి.

ఫ్రాంక్ల్ చేసిన ఇంకొక పని మన జిల్లాలకు సూటిగా వర్తిస్తుంది. పరీక్షల మార్కులు వచ్చే రోజుల్లో వియన్నా విద్యార్థుల ఆత్మహత్యలు పెరిగేవి. 1930లో ఆయన సరిగ్గా ఆ రోజులకే ఉచిత సలహా కేంద్రాలు ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది నగరంలో ఒక్క విద్యార్థి ఆత్మహత్యా జరగలేదని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. కరీంనగర్‌లోనూ మంచిర్యాలలోనూ ప్రతి జూనియర్ కాలేజీలో ఒక గది, అందులో మార్కుల గురించి అడగని ఒక పెద్దమనిషి, పక్కన ఫోను ఉంటే చాలు. ఫలితాలు వచ్చేది ఏప్రిల్‌లో. ఆ గది మార్చిలోనే తెరవాలి.